తీగవలలో చిక్కిన తెలుగు పలుకు

1928లో బార్డోలీ సత్యాగ్రహ వార్తలు పల్లెపల్లెకు కాగితముపై చేరెను. అర్ధశతాబ్దము నిండకమునుపే, అదే గుజరాతులోని అహమ్మదాబాదు భూకేంద్రమునుండి, 1975 ఆగస్టు 1న ‘సైట్’ దూరదర్శన ప్రసారములు మొదలయ్యెను. అమెరికా ఉపగ్రహమగు ఏటీయస్-6 వానిని ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు అందించెను. అందు తెలుగు పల్లెలును గలవు.

36,000 కిలోమీటర్లు దిగివచ్చునప్పటికి తరంగము మిక్కిలి క్షీణించును. దాని నందుకొన్నది కోళ్లదొడ్డి తీగవలతో కట్టిన 3 మీటర్ల గొడుగు. తరంగదైర్ఘ్యము 35 సెంటీమీటర్లు. వలకన్నులు అంతకంటె ఎంతో చిన్నవి గనుక తరంగము జారిపోదు. గొడుగు వైశాల్యమున సగమే ఫలించినను, అన్ని దిక్కులను సమముగా చూచు ఏంటెనాకంటె సుమారు 360 రెట్లు శక్తి లభించును.

1976 జులై 31న ఆ ప్రయోగము ముగిసెను. లెక్క సరియైనచో, చవుకైన తీగవలయు ఆకాశవార్తను పల్లెముంగిట నిలుపగలదని అది నిరూపించెను.