మోటుపల్లి యభయము

సముద్రము కానరాని ఇబ్రహీంపట్టణపు మెట్టసీమవారి కోడల ప్రసంగ మేల యని కొందఱు మమ్మడుగవచ్చును. ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుఁడును తీరమునకు దూరస్థుఁడే గదా! పూర్వరాజులు తుపానునఁ బగిలి యొడ్డునఁ బడిన యోడల సరకులను బలవంతముగా హరించుచుండిరి. 1244లో నాతఁడు మోటుపల్లి శాసనమున నా దురాచారమును మాన్పి, క్లుప్తమైన సుంకము మాత్రమే గైకొని, ప్రాణములకుఁ దెగించి వచ్చు వర్తకుల కభయ మిచ్చెను.

శాసనము దోపిడిని మాన్పఁగలదు, తుపానును మాన్పలేదు. 1977 నవంబరు 19న దివిసీమ యుప్పెనలో వేలకొలఁది జనులు మడిసిరి. 2004 సునామీ పిమ్మట, 2007లో హైదరాబాదునందలి జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రమున హెచ్చరిక శాఖ వెలసెను. సముద్రగర్భ భూకంపములను, నీటిమట్టపు మార్పులను కనిపెట్టి యది తీరమునకు వార్త పంపును. మెట్టసీమ మరల సముద్రమునకుఁ గావలి కాయుచున్నది.

అయినను, ఆ వార్త బెస్తవాని గుడిసెఁ జేరి, యతనికి బోధపడినఁగాని యభయము గానేరదు. అందులకు వలయు చదువును పల్లెలకుఁ జేర్చుటయే నేఁటి యభయశాసన మని మా తలంపు.