చేతిదీపము

ప్రతిదినమును తాళపుచెవులతోపాటు చిన్న టార్చిలైటు నొకదానిని జేబులో వైచికొని తిరుగువారు కొందఱు కలరు. పట్టపగలు బజారునకు పోవునప్పుడును, దీపములు వెలుగుచుండు కచేరీలకు పోవునప్పుడును వారు దానిని విడువరు. వీరిని చూచి నవ్వువారు వీరికంటె నెక్కువమంది. వీధివీధికి విద్యుద్దీపమున్నది, చేతిలోని టెలిఫోనునందు మఱియొక దీపమున్నది, ఇంక నీ మూడవదీప మేల యని వారి ప్రశ్న. ప్రశ్న సహజమైనదే. చీకటిలో నడచు మనుష్యునకు వెలుతురు కావలెననుట యెవరికిని క్రొత్తసంగతి కాదు. కాని పూర్వకాలమునుండియు ఆ దీప మెవరిచేత నుండెను, ఎవరి కాలిముందు వెలుగు పఱచెను, ఎవరి మొగమును చూపెను అని విచారించినచో, నవ్వదగినట్లు కనబడు నీ చిన్నవస్తువు వెనుక చాల కథ యున్నట్లు మాకు తోచినది.

పూర్వము వెలుతురు కావలసినవాడు వేఱు, దానిని పట్టుకొనువాడు వేఱు. మన దేశమున దొరలును ధనవంతులును రాత్రివేళ పల్లకిలో పండుకొని ప్రయాణము చేయుచుండగా, బోయీల ప్రక్కన మశాల్చి పరుగెత్తుచుండెడివాడు. ఒకచేత పేలికలు చుట్టిన దివిటీ, రెండవచేత నూనెపాత్ర. మంట తగ్గినప్పుడెల్ల నడక నాపకయే నూనె పోయుచుండవలెను. పొగ వాని కన్నులకు, వెలుతురు పల్లకీత్రోవకు. పెండ్లి యూరేగింపులలో దివిటీలు పట్టినవారి పేరు లే శుభలేఖలోను కనబడవు.

లండను నగరమందును ఇదే రీతి నడచెను. 17, 18 శతాబ్దములలో ఆ నగరమున 'లింకు' అను కాగడాలను పట్టుకొని పేదబాలురు వీథిమూలల కాచుకొని యుండెడివారు. నాటకశాల నుండియో విందు నుండియో వచ్చు పెద్దమనిషిని చిల్లరడబ్బులకు ఇంటివఱకు దిగబెట్టుట వారి జీవనము. గుమ్మము చేరినపిమ్మట కాగడా నార్పుటకై ఇనుముతో చేసిన బూరవంటి మూతలను గొప్పయిండ్ల ద్వారముల కడ బిగించిరి. వానిలో కొన్ని నేటికిని అచ్చటి పాతయిండ్ల ముంగిళ్లలో నిలిచియున్నవి. ఈ బాలురు దొంగలతో చేరి ప్రయాణికుని సందులోనికి కొనిపోయి దోపించుదురని యపవాదు. 1716లో జాన్ గే యను కవి లండను వీథులలో నడచు విధమును గూర్చి వ్రాసిన 'ట్రివియా' కావ్యమున సైత మీ హెచ్చరిక చేసెను. ఒకరిద్దఱు అట్టివారు ఉండియుందురు. మంచులో నిలబడి పరులకు దారిచూపు బాలునికి కూలి తక్కువ, అనుమాన మెక్కువ యగుట మాత్రము లండనుకే ప్రత్యేకమైన సంగతి కాదు.

దివిటీవాని నమర్చుకొనువారును చంద్రుని నమ్ముకొనుట కలదు. బర్మింగుహాము నగరమున జేమ్సు వాటు, జోసఫు ప్రీస్ట్లీ మొదలగు శాస్త్రజ్ఞులు చేరిన సంఘమొకటి పున్నమికి దగ్గఱిరోజులలోనే సమావేశమగుచుండెను. తిరిగి యిండ్లకు పోవుటకు వెన్నెల యుండవలెనని వారి యేర్పాటు. అందుచేతనే దానికి చాంద్రసంఘమని పేరు వచ్చెను. ఆవిరియంత్రమును బాగుచేసిన మహామేధావికిని ఇంటిదారి చూపుటకు వెన్నెలయే దిక్కయ్యెను!

ఇక రెండవ సంగతి యింతకంటె కఠినమైనది. దీపము దారిని చూపుట యొకటి, దానిని పట్టుకొన్నవానిని చూపుట మఱియొకటి. ప్రభుత్వములకు మొదటినుండియు ఈ రెండవదానియందే ఆసక్తి మెండు. 1285లో ఇంగ్లండు రాజగు మొదటి ఎడ్వర్డు లండను నగరమునకు చేసిన శాసనములో, రాత్రిగంట మ్రోగినపిమ్మట ఆయుధములతో వీథులలో తిరుగరాదని నిషేధించి, గొప్పవారిని, సత్ప్రవర్తన గలవారిని, చేత లాంతరుతో పోవు వారి దూతలను మాత్రము మినహాయించిరి. సేవకుని చేతిలాంతరు వాని సజ్జనత్వమునకు గుఱుతయ్యెను. దీపము లేనివాడు దుర్మార్గుడే యని న్యాయము.

ఈ న్యాయము అమెరికాకు ఓడయెక్కి పోయినప్పుడు దాని క్రూరత్వము బయటపడెను. 1712 ఏప్రిలులో న్యూయార్కు నగరమున బానిసలు తిరుగబడిరి. మఱుసటి సంవత్సరము, అనగా 1713లో, ఆ నగరపాలకులొక నిబంధన చేసిరి. పదునాలుగేండ్లు దాటిన ఆఫ్రికాజాతి బానిసగాని, అమెరికా ఆదిమజాతి బానిసగాని, సూర్యు డస్తమించిన యొకగంటకు పిమ్మట వెలుగుచున్న కొవ్వొత్తిగల లాంతరు చేతలేక వీథిలో కనబడరాదు. దీపము లేనివానిని పట్టి చెఱసాలకు కొనిపోవచ్చును. స్వతంత్రుడగు తెల్లవాడు చీకటిలో చీకటియై నడచిపోవచ్చును. బానిస మాత్రము తన మొగమును తానే యెల్లరకు చూపుచు నడువవలెను. ఒకే లాంతరు, ఒకే కొవ్వొత్తి. ఒకని చేత సౌకర్యము, ఇంకొకని చేత సంకెల. సిమోన్ బ్రౌన్ అను విదుషీమణి 2015లో ప్రకటించిన 'డార్కు మ్యాటర్సు' అను గ్రంథమున ఈ లాంతరుచట్టములను నేటి నిఘాపద్ధతులతో పోల్చి విమర్శించినది. చేతిదీపముల చరిత్ర వ్రాయువారు దీనిని విడచిపెట్టి కేవలము యంత్రకౌశలమును పొగడుట మాకు సమ్మతము గాదు.

వీథిదీపముల కథ నిచ్చట విస్తరింపబనిలేదు. 1667లో పారిసునగరమున పోలీసు అధికారి లా రేనీ కొవ్వొత్తిలాంతరులను వీథులలో వ్రేలగట్టించెను; 1807లో లండనునందలి పాల్‌మాల్ వీథిని గ్యాసుతో వెలిగించిరి; పిమ్మట విద్యుత్తు వచ్చెను. దీపము మనుష్యుని చేతినుండి స్తంభము మీది కెక్కెను. ఎక్కిన దీపము ముందుగా గొప్పవారి వీథులలోనే నిలిచినదని చెప్ప నక్కఱలేదు. కూలివారు కాపురముండు సందులకును, ఊరిబయటి పేటలకును, పొలముగట్లకును స్తంభము చాలకాలము పోలేదు. కొన్నిచోట్లకు స్తంభము పోయియు దీపము పోలేదు.

స్తంభ మెన్నటికిని పోజాలని చోటొకటి యున్నది. అది బొగ్గుగని. 1812 మే 25వ తేదీన ఇంగ్లండులోని ఫెల్లింగు గనిలో మండువాయువు పేలి 92 మంది మరణించిరి. 1815లో హంఫ్రీ డేవీ మంటచుట్టు సన్నని తీగెవల నమర్చి, లోపలిమంట వెలుపలి వాయువును అంటుకొనకుండునట్లు దీపము నిర్మించెను. దీనివలన ప్రాణములు నిలిచినవి గాని, పూర్వము ప్రమాదమని విడచిన పొరలలోనికి సైతము యజమానులు కూలివారిని దింప మొదలుపెట్టిరి. రక్షణకై చేసిన సాధనము లాభముగా మాఱుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు. మన తెలుగుదేశమున ఇల్లందు ప్రాంతమందు 1871లో విలియం కింగు బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. గనిలో దిగువాడు దీపపుగదిలో తన దీపమును తీసికొని టోపీకి తగిలించుకొని దిగును, పైకి వచ్చి మఱల నప్పగించును. లెక్కకు దీపమొకటి తగ్గినచో ఆ గదిలోనివారి గుండె జల్లుమనును. దీపము పైకి రాలేదనగా మనిషి పైకి రాలేదన్నమాట. ప్రతిదినము చేతిదీపము నేల మోయవలెనని ఈ కార్మికుని నడుగుట కెవరును సాహసింపరు.

మంట లేని దీపమును జేబులో పెట్టుకొను సౌకర్యము నూఱేండ్లు దాటి కొంతకాలమునకు ముందు మాత్రమే కలిగినది. అంతకుముందు విద్యుత్తును పుట్టించు ఘటములలో ద్రవముండెడిది, వంచిన ఒలుకును. 1886 ప్రాంతమున కార్ల్ గాస్నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ ద్రవమును ముద్దగా చేసి తుత్తునాగపు గిన్నెలో కూరి మూసివేసెను. గిన్నెయే ఒక ధ్రువము, నడుమనున్న బొగ్గుకడ్డీ రెండవది, చుట్టును నల్లనిపొడి, నవాసాగరము. మన పల్లెటూరి బాలు రీ శాస్త్రమును పుస్తకము తెఱవకయే నేర్చిరి. అయిపోయిన బ్యాటరీని ఱాతితో పగులగొట్టి కడ్డీని తీసి గోడలమీద గీతలు గీసిరి. నల్లపొడిని ఆకుపసరుతో కలిపి బడిలోని నల్లబల్లకు పూసిరి. నీరసించిన బ్యాటరీలను ఎండలో పెట్టి ఇంకొక రెండుదినములు పనిచేయించుకొనుట ఇల్లాండ్రకు తెలిసిన విద్య.

1899 జనవరి 10వ తేదీన డేవిడ్ మిసెల్ అనువానికి అమెరికా ప్రభుత్వము 617592 సంఖ్యగల పేటెంటు నొసగెను. గొట్టములో వరుసగా బ్యాటరీలు, కొనయందు చిన్న దీపము, దానివెనుక ఇత్తడి పళ్లెము. నేటి టార్చిలైటు రూపమంతయు నందే యున్నది. ఆ పేటెంటు రష్యా సామ్రాజ్యములోని మిన్స్కు ప్రాంతమునుండి వలసవచ్చిన కాన్రాడ్ హూబర్టు కంపెనీకి చెందెను. ఆనాటి బ్యాటరీకి బలము చాలదు, నిలకడగ వెలుగలేదు. నొక్కి విడువవలెను, మెఱసి యాఱును. అందుచేతనే అమెరికావారు దీనిని మెఱుపుదీపమనిరి. న్యూయార్కు పోలీసులకు కొన్నింటి నిచ్చి మెప్పు పొందిరి. బానిసచేత లాంతరు పట్టించిన నగరముననే, రక్షకభటుడు తనచేతి వెలుతురును ఇతరుల మొగమున వేయు కాల మట్లు ప్రారంభమయ్యెను.

మన యూళ్లలో దీనికి బ్యాటరీలైటని పేరు. బ్యాటరీలలో మనవారి కెక్కువగ పరిచితమైన ఎవరెడీ పేరు హూబర్టు కంపెనీనుండియే వచ్చినది. అది క్రమముగా యూనియను కార్బైడువారి వశమయ్యెను. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమిరాత్రి భోపాలునందు విషవాయువు వెడలి వేలమందిని చంపిన కర్మాగార మా కంపెనీవారిదే. 1994లో అది చేతులు మాఱినది.

యుద్ధకాలమున ఈ దీపమునకు క్రొత్తవిలువ వచ్చెను. 1939 సెప్టెంబరు 1వ తేదీ మొదలు ఇంగ్లండులో వీథిదీపము లార్పివేసిరి. పలుచని కాగితమును కప్పి నేలవైపు మాత్రమే వేయవలెనను నిబంధనతో చేతిదీపము ననుమతించిరి. బ్యాటరీలకై జనులు దుకాణములు గాలించిరి. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపానువారు బాంబులు వేసినప్పుడు మన తీరమువారికిని దీపమును దాచుకొనుట యన నేమో తెలిసినది.

ఇక మన యిండ్ల మాట. మేమెఱిగిన పల్లెయిండ్లలో చిరకాలము ఇంటికొక్క బ్యాటరీలైటే యుండెను. అది యింటి యజమాని తలగడ క్రింద నుండెడిది. అర్ధరాత్రి ఆవు ఈనినను, ఊరిలో గోల యైనను ఆయన దానిని తీసికొని బయలుదేఱును. పెరటిలోనికో, మరుగుదొడ్డి లేనిచో ఊరిబయటికో పోవలసిన స్త్రీ మాత్రము గుడ్డిదీపమును కొంగుచాటున పెట్టుకొని పోయినది; గాలి వీచిన అదియు లేదు. తెల్లవాఱకముందే నాటుకు పోవు కూలివనితకు ఆ భాగ్యమును లేదు. దీపము కొనుటకు డబ్బు లేకపోవుట యొక కారణము. ఉన్న దీపము నెవరి కవసరమని యెంచుట మఱియొక కారణము. ఈ రెండవదానికి పేదఱికమును సాకుగా చెప్పరాదు.

చీకటిలో వేసిన యడుగు ఖరీదెంతయో లెక్కలున్నవి. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము 2000 మొదలు 2019 వఱకు మనదేశమున పాముకాటువలన పండ్రెండు లక్షలమంది మరణించిరి. సంవత్సరమునకు సగటున 58,000. అందు సగము జూను సెప్టెంబరుల నడుమనే. మరణము లెక్కువగా నున్న యెనిమిది ప్రాంతములలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ మొకటి. కట్లపాము రాత్రియందు తిరుగును. రక్తపింజరి గడ్డిలోను గట్లమీదను కదలక పడియుండును. ఈ రక్తపింజరికి పాశ్చాత్యులు పెట్టినపేరు పాట్రిక్ రసెల్ అను వైద్యునిది. ఆయన విశాఖపట్టణమున నివసించి, కోరమండలతీరపు పాములను వర్ణించుచు 1796లో గొప్పగ్రంథమును ప్రకటించెను. అందులో దీనికి మనవారు చెప్పిన కాటుకరేకులపొడ అను పేరును వ్రాసికొనెను. పామునకు ఆ వైద్యుని పేరు నిలిచినది. మొదట పేరు చెప్పిన తెలుగువాడెవడో, వాడు దాని నే చీకటిలో చూచెనో గ్రంథమున కెక్కలేదు.

నీలికాంతి నిచ్చు చిన్నదీపములను కనిపెట్టిన ముగ్గురు జపాను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెలు బహుమానము వచ్చినది. ఆ నీలికాంతినుండియే తెల్లవెలుగు సాధ్యమై, ఒక్క బ్యాటరీతో పెక్కురాత్రులు వెలుగు దీపములు చవుకయైనవి. 2003లో నోకియావారు 1100 అను టెలిఫోనును మనవంటి దేశములకై చేసినప్పుడు దాని నెత్తిన దీపము నుంచిరి. మాటలాడు యంత్రమున దీపమేలయని నగరవాసులు నవ్విరి. కోట్లకొలది జనులు కొనిరి.

నగరవాసులకును నవ్వు తగ్గు సందర్భములు వచ్చినవి. 1993 ఫిబ్రవరి 26వ తేదీన న్యూయార్కు ప్రపంచవాణిజ్యకేంద్రమున బాంబు ప్రేలినప్పుడు అత్యవసర దీపములు సైత మాఱిపోయి, వేలజనులు పొగనిండిన మెట్లను చీకటిలో తడవుకొనుచు దిగిరి. పిమ్మట ఆ మెట్లకు చీకటిలో మెఱయు రంగును పూసిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మన మహానగరమే పలుదినములు చీకటిలో మునిగెను.

టెలిఫోనులోనే దీపముండగా వేఱుదీప మేల యను ప్రశ్నకు రాత్రివేళ మోటారు వేయుటకు పొలము పోవు రైతు సమాధాన మిదివఱకే చెప్పియున్నాడు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి సేద్యమునకు రేయింబవళ్లు విద్యుత్తు నిచ్చిరి గాని, అంతకుముందు ఉభయప్రాంతములందును అర్ధరాత్రి వచ్చు విద్యుత్తుకై రైతులు గట్లవెంట నడచిన సంవత్సరములు పెక్కు. దారి పొడుగున టెలిఫోనును దీపముగా వాడినచో బావికడకు చేరునప్పటికి అందు సత్తువ సగమగును. పాము కఱచినప్పుడు 108కి పిలుపు చేయవలసినది ఆ టెలిఫోనుతోనే. అందుచే నతడు టెలిఫోనును చొక్కాజేబులో నార్పివేసి యుంచి, వేఱొక బ్యాటరీలైటును చేతబట్టి, వెలుతురును ముందునకు గాక కాలివ్రేళ్ల యెదుటనే వేసికొనుచు నడచును.