ఖాజీ పుస్తకము

వివాహమునకు దైవమే సాక్షి యని మనవారందరు నందురు. కాని కాపురము చెడిననాడు ఆ సాక్షి న్యాయస్థానపు బోనెక్కి మాటాడడు. నాడు నిరుపేద స్త్రీకి దిక్కగునది కాగితము. ఉత్తర తెలంగాణమందలి మహమ్మదీయ కుటుంబములలో అట్టి కాగితమునకు దీర్ఘమైన చరిత్ర కలదు. మతవిషయములలో ప్రభుత్వ మెంతవరకు జోక్యము చేసికొనవచ్చునను చిక్కు ప్రశ్నకు ఆ చరిత్ర యొక దారి చూపుచున్నది.

ఇస్లాము ధర్మమున నిఖా యొక ఒడంబడిక. ఒక పక్షము కోరవలెను, రెండవ పక్షము సమ్మతింపవలెను, సాక్షులు వినవలెను. వరుడు వధువునకు మెహరు నిర్ణయింపవలెను. ఈ మెహరు కన్యాశుల్కము కాదు. అది తండ్రికి చెందదు. వధువు సొంత సొత్తు. కొంత వెంటనే, కొంత పిదప చెల్లించు నాచారము కలదు. కావున సొమ్మెంత, చెల్లింపు ఎప్పుడు, సాక్షు లెవరు అను విషయములు వ్రాతలో నుండుట పెండ్లికూతునకు మిగుల ముఖ్యము. ఈ వ్రాతయే సియాహా యను పేర ఖాజీ పుస్తకమున కెక్కుచుండెను.

కరీంనగరు జిల్లాకు పూర్వము ఎలగందుల జిల్లా యని పేరు. 1905వ సంవత్సరమున జిల్లా కేంద్రము కరీంనగరునకు మారినది. ఆ ప్రాంతములందు ఖాజీ యనగా మొదట తగవులు తీర్చు న్యాయాధికారి. 1853 మొదలు 1883 వరకు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు జిల్లాలను, అదాలతులను ఏర్పరచిన పిమ్మట తీర్పులు చెప్పు పని క్రమముగా అదాలతులకు పోయినది. ఖాజీకి ముఖ్యముగా నిఖా మిగిలినది. ఉద్యోగము మాత్రము ఇనాము భూములతో గూడ తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చెను. భూమి వంశముతో వచ్చును గాని విద్య వచ్చునా?

ఈ లోపమును గుర్తించిన వారిలో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ ముఖ్యులు. వీరు నాందేడు ప్రాంతపు కంధారువారు. హైదరాబాదున జామియా నిజామియాను స్థాపించినవారు. ఏడవ నిజాము కాలమున వీరు ఉమూరె మజ్‌హబీ యను ధర్మశాఖకు అధిపతులై, 1918లో మరణించిరి. ఖాజీ, ఖతీబు, ఇమాము, ముల్లా మొదలగువారు చదివి పరీక్ష నిచ్చి పనికి అర్హత సంపాదించుకొను పద్ధతి ఆ విద్యాసంస్థలో నెలకొన్నది. వంశమునకు బదులు విద్యను అడుగుట చిన్న సంస్కారము కాదు.

అయినను ఆ శాఖ చరిత్రయంతయు కొనియాడదగినది కాదు. ప్రార్థనామందిరము కట్టవలెనన్నను ఆ శాఖ అనుమతి వలసియుండెను. ఈ నిర్బంధములపై నసంతృప్తి 1938–39లో ఆర్యసమాజ సత్యాగ్రహమునకు ఒక కారణమైనది. వధువు హక్కును వ్రాయించిన ప్రభుత్వమే భక్తుని ప్రార్థనకు సెలవు చీటి నడిగినది! మొదటిది రక్షణ, రెండవది పెత్తనము. ఈ భేదమును మరువరాదు.

ఆంగ్లేయ ప్రభుత్వము మరియొక విధముగ తడబడినది. ఖాజీల నియామకము తమకు పనిలేదని 1864లో మానుకొని, ప్రజలకు గలిగిన యిబ్బంది చూచి 1880లో ఖాజీల చట్టము చేసినది. అందలి నాలుగవ విభాగము మిక్కిలి వివేకమైనది. ఖాజీకి న్యాయాధికార మేదియు ఈ చట్టమువలన రాదు. ఖాజీ లేనిదే నిఖా చెల్లదనియు చెప్పరాదు. ప్రభుత్వము వ్రాయువానిని నియమించెనే గాని మతమునకు యజమానిని నియమింపలేదు.

1948లో హైదరాబాదు భారతదేశమున కలిసిన పిమ్మటకూడ కేంద్ర చట్టములన్నియు ఒక్కసారిగ ఇచటికి రాలేదు. మహమ్మదీయ స్త్రీకి విడాకులు కోరు హక్కును స్పష్టపరచిన 1939వ సంవత్సరపు చట్టము 1960 ఫిబ్రవరి 1 నుండి మాత్రమే ఈ ప్రాంతమునకు విస్తరించినది. భర్త జాడ నాలుగేండ్లు తెలియకున్నను, రెండేండ్లు పోషింపకున్నను భార్య న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. కరీంనగరు, జగిత్యాల, నిర్మల ప్రాంతములనుండి మగవారు గల్ఫు దేశములకు వలసపోవు నేటి దినములలో ఈ మాట విలువ చెప్పనక్కరలేదు. ఒక్కసారిగ మూడుమారులు చెప్పు తలాకు చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2019లో అది శిక్షార్హ నేరమైనది. భర్తను చెరకు బంపిన పిమ్మట ఆ యింటి కూడు గుడ్డల మాట ఏమని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు.

ఇది పరుల యింటి ముచ్చట యని హిందూ సోదరీమణులు తలపరాదు. మన యిండ్లలో వ్రాతకోతలు లేక జరిగిన పెండ్లిండ్లెన్ని! పెండ్లి రుజువు చేయలేక కన్నీరు గార్చిన యిల్లాండ్రెందరు! 2002వ సంవత్సరపు చట్టము అన్ని మతముల వివాహములకును నమోదు విధించినది. ఎన్నడో నిఖాను వ్రాతకెక్కించిన సంఘమునుండి మనము నేర్చుకొనవలసినది కలదు.

అయితే పుస్తక మున్నంత మాత్రమున హక్కు చేతికి రాదు. మెహరు స్థలమున ఏమి వ్రాసిరో చదువకయే వ్రేలిముద్ర వేయు పెండ్లికూతునకు ఖాజీ పుస్తకము గోడకు వ్రేలాడు పటము వంటిది. కాబట్టి, తల్లులారా! బిడ్డకు నగలు కూర్చుటకు ముందు అక్షరములు కూర్చుడు. దైవము మనస్సు నెరుగును. న్యాయాధిపతి వ్రాతనే యెరుగును. మనస్సును మతమునకు విడిచి, వ్రాతను మాత్రమే ప్రభుత్వము కాపాడవలెను.