అంగుళానికి 600 చుక్కలు: డిజిటల్ గ్రంథప్రతుల రిజల్యూషన్, ముద్రణ పరిమాణం – ఒక చారిత్రక పరిశీలన

పరిశోధన సారాంశం:
మియాపూర్ నుండి గచ్చిబౌలి వరకు విస్తరించిన సైబరాబాద్ ప్రాంతం సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు ప్రసిద్ధి. తెలుగు గ్రంథాల డిజిటలీకరణ చరిత్రలోనూ ఈ ప్రాంతానికి స్థానం ఉంది. నేటి పరిశోధకులు ఉపయోగిస్తున్న పాత పుస్తకాల డిజిటల్ ప్రతులలో అనేకం ఆ కృషి ఫలితాలే. ఆ ప్రతుల రిజల్యూషన్‌ను నిర్ణయించిన కారణాలను, వాటిలోని చిత్రాలను వ్యాసాలలో పునర్ముద్రించేటప్పుడు పాటించవలసిన ప్రామాణికతను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: డిజిటలీకరణ, రిజల్యూషన్, పిక్సెల్, ముద్రణ పరిమాణం, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:
చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి పది లక్షల పుస్తకాల డిజిటలీకరణ పథకానికి సారథ్యం వహించారు. దానికి భారతీయ శాఖ వంటిది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ ఇందులో ప్రధాన భాగస్వాములు. పుటలను అంగుళానికి 600 చుక్కల చొప్పున, కేవలం నలుపు తెలుపులలో స్కాన్ చేసి, టిఫ్ రూపంలో భద్రపరచడం ఈ పథకం అనుసరించిన ప్రధాన ప్రమాణం.

2. ప్రమాణం వెనుక లెక్క:
8.5 అంగుళాల పొడవు, 5.5 అంగుళాల వెడల్పు గల పుటను 600 చొప్పున స్కాన్ చేస్తే 5100 × 3300, అంటే సుమారు 1.68 కోట్ల పిక్సెళ్లు ఏర్పడతాయి. పూర్తి వర్ణాలలో అది దాదాపు 50 మెగాబైట్లు. బూడిదరంగు ఛాయలలో 17. నలుపు తెలుపులలో 2 మాత్రమే. ఫ్యాక్స్ యంత్రాల కోసం 1984లో ప్రమాణీకరించిన గ్రూప్ 4 సంపీడన పద్ధతితో ఆ పరిమాణం ఇంకా తగ్గుతుంది. లక్షలాది పుస్తకాలను నిల్వ చేయవలసిన పథకానికి ఈ పొదుపు అత్యవసరం.

3. అక్షరానికి లాభం, చిత్రానికి నష్టం:
తెలుగు లిపికి ఈ ప్రమాణం మేలు చేసింది. ‘ర’కు ‘ఠ’కు, ‘ధ’కు ‘థ’కు భేదం ఒక చిన్న చుక్క. అంగుళంలో నూరవ వంతు ఉన్న చుక్కకు 600 వద్ద ఆరు పిక్సెళ్ల వెడల్పు లభిస్తుంది. 72 వద్ద ఒక్క పిక్సెల్ కూడా పూర్తిగా దక్కదు.

ఛాయాచిత్రాల విషయం వేరు. 1924లో ప్రారంభమైన ‘భారతి’ వంటి పత్రికల కాలంలో ఛాయాచిత్రాలను హాఫ్‌టోన్ చుక్కలుగా విడగొట్టి అచ్చువేసేవారు. అటువంటి పుటను నలుపు తెలుపులకు కుదిస్తే చిన్న చుక్కలు మాయమై, పెద్ద చుక్కలు అతుక్కొని, ముఖాలు నల్లని మరకలుగా మారే ప్రమాదం ఉంది. 600 అనే సంఖ్య ఎంత పెద్దదైనా, నమోదు కాని ఛాయ తిరిగి రాదు. అందువల్ల రిజల్యూషన్‌తో పాటు వర్ణస్థాయినీ పరిగణించాలి.

4. ముద్రణ పరిమాణం – ఒక అపోహ:
ఫైలులో రాసి ఉండే ‘అంగుళానికి ఇన్ని’ అనే సంఖ్య ఒక సూచన మాత్రమే. చిత్రంలోని అసలు సమాచారం పిక్సెళ్లే. పిక్సెళ్ల సంఖ్యను ముద్రణ రిజల్యూషన్‌తో భాగిస్తే ముద్రణ పరిమాణం వస్తుంది. పై పుటనే 300 వద్ద ముద్రిస్తే 17 × 11 అంగుళాలకు విస్తరిస్తుంది. 600 పిక్సెళ్ల వెడల్పు గల చిత్రం 300 వద్ద రెండు అంగుళాలకే సరిపోతుంది.

300 అనే నియమం కూడా ముద్రణ సంప్రదాయం నుండి వచ్చిందే. అంగుళానికి 150 వరుసల హాఫ్‌టోన్ జల్లెడకు దాదాపు రెట్టింపు పిక్సెళ్లు ఉండాలన్నది ముద్రాపకుల లెక్క. వరుసలు తక్కువగా ఉండే వార్తాపత్రికల ముద్రణకు అంత అవసరం లేదు.

రెండు అంగుళాల చిత్రాన్ని సాఫ్ట్‌వేర్ సాయంతో పది అంగుళాలకు పెంచి, అదే 300 వద్ద ఎగుమతి చేసినప్పుడు చిక్కు మొదలవుతుంది. పొడవు వెడల్పులు రెండూ అయిదు రెట్లు కావడంతో మొత్తం పిక్సెళ్లు 25 రెట్లవుతాయి. అంటే ప్రతి 25 పిక్సెళ్లలో 24 ఊహించి చేర్చినవే. తాళపత్రంలో శిథిలమైన అక్షరాన్ని పూరించిన పరిష్కర్త దానిని కుండలీకరణాలలో చూపుతాడు. సాఫ్ట్‌వేర్ పూరణకు అటువంటి గుర్తు ఉండదు. శాసన ప్రతిబింబం మీద చర్చలో ఊహించిన గీతను చదివి పాఠాన్ని నిర్ణయిస్తే, అది ఆధారం లేని పాఠం అవుతుంది.

5. ముగింపు:
1. చిత్రాన్ని ఉదాహరించేటప్పుడు మూలపు కొలత, పిక్సెళ్ల సంఖ్య, వర్ణస్థాయి పేర్కొనడం అవసరం.
2. పరిమాణాన్ని పెంచి ఉంటే ఆ విషయాన్ని చిత్ర వివరణలో తెలపాలి.
3. నలుపు తెలుపు ప్రతిలోని ఛాయాచిత్రాన్ని ప్రమాణంగా స్వీకరించక, మూలగ్రంథం లభిస్తే బూడిదరంగు ఛాయలలోనో వర్ణాలలోనో మళ్లీ స్కాన్ చేయాలి.

తొలి డిజిటలీకరణ ఎన్నో తెలుగు పుస్తకాలను పాఠకునికి చేరువ చేసింది. ఆ ప్రతులలో ఏది మూలం నుండి వచ్చిందో, ఏది తరువాత చేరిందో వేరుచేసి చూపడం పరిశోధకుని బాధ్యత.