చిప్ వెరిఫికేషన్: యంత్రాలు అద్దెకు దొరుకుతాయి, మరి లైసెన్సులు?

1994లో ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కొన్ని సంఖ్యల భాగహారంలో తప్పు జవాబు ఇస్తోందని బయటపడింది. చిప్‌లో భాగహారానికి వాడే పట్టికలో కొన్ని విలువలు లోపించడమే కారణం. ఆ ఒక్క పొరపాటుకు కంపెనీ 47.5 కోట్ల డాలర్ల భారం మోయాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే అప్‌డేట్‌తో సరిదిద్దవచ్చు. సిలికాన్‌పైకి ఎక్కిన సర్క్యూట్‌ను అలా మార్చలేరు. కొత్త మాస్కులు చేయించి, ఫ్యాబ్ నుంచి చిప్ మళ్లీ చేతికి రావడానికి నెలలు పడుతుంది. అందుకే డిజైన్‌ను తయారీకి పంపే ‘టేపవుట్’ దశకు ముందే దాన్ని అన్ని కోణాల్లో పరీక్షిస్తారు. దీన్నే వెరిఫికేషన్ అంటారు.

ఎలా చేస్తారు?

వెరిలాగ్ వంటి భాషల్లో రాసిన డిజైన్‌ను ఇంజినీర్లు సిమ్యులేటర్‌లో నడిపి, రకరకాల ఇన్‌పుట్‌లకు సరైన ఫలితం వస్తోందో లేదో చూస్తారు. డిజైన్‌లో చిన్న మార్పు చేసినా పాత పరీక్షలన్నీ మళ్లీ నడపాలి. దీని పేరు రిగ్రెషన్. పెద్ద చిప్‌లకు ఈ పరీక్షలు వేలల్లో ఉంటాయి. కీలక భాగాల్లో తప్పు లేదని గణితపరంగా నిరూపించే ‘ఫార్మల్’ పద్ధతి కూడా ఉంది.

క్లౌడ్ ఎందుకు?

రిగ్రెషన్‌లోని పరీక్షలు చాలావరకు ఒకదానిపై మరొకటి ఆధారపడవు. కాబట్టి వెయ్యి పరీక్షలను వెయ్యి యంత్రాలపై ఒకేసారి నడపవచ్చు. ఒక యంత్రాన్ని వెయ్యి గంటలు వాడినా, వెయ్యి యంత్రాలను గంటసేపు వాడినా క్లౌడ్ అద్దె దాదాపు ఒకటే. టేపవుట్ దగ్గరపడే కొద్దీ యంత్రాల అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది. ఆ కొన్ని వారాల కోసం సొంత సర్వర్లు కొనడం చిన్న సంస్థలకు గిట్టుబాటు కాదు. అయితే రోజుల తరబడి సాగే ఒకే సిమ్యులేషన్‌కు యంత్రాల సంఖ్య పెంచినంత మాత్రాన వేగం రాదు.

అసలు చిక్కు

సాధారణంగా నడుస్తున్న ప్రతి సిమ్యులేషన్‌కూ ఒక లైసెన్సు కావాలి. యంత్రాలు వెయ్యి ఉన్నా లైసెన్సులు వందే ఉంటే ఒకేసారి నడిచేవి వంద పరీక్షలే. మిగతా 900 యంత్రాలకు కట్టిన అద్దె వృథా. ఈ ఈడీఏ సాఫ్ట్‌వేర్ మార్కెట్‌లో సింహభాగం సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ ఈడీఏలదే. వాడినంత సేపటికే చెల్లించే పద్ధతిని సినాప్సిస్ 2022లో తెచ్చింది. వెరిలేటర్ వంటి ఉచిత సిమ్యులేటర్లు కొంత ఊరటనిచ్చినా, వాణిజ్య టూల్స్ చేసే పనులన్నీ అవి చేయలేవు.

భారత్‌కు ఎందుకు ముఖ్యం?

హైదరాబాద్, బెంగళూరుల్లోని బహుళజాతి డిజైన్ కేంద్రాలకు లైసెన్సులను మాతృసంస్థలే సమకూరుస్తాయి. స్టార్టప్‌లకు, ఇంజినీరింగ్ కళాశాలలకు ఆ వెసులుబాటు లేదు. ఈ లోటు తీర్చేందుకే బెంగళూరులోని సీ-డాక్ ‘చిప్‌ఇన్’ కేంద్రం ద్వారా కేంద్ర ప్రభుత్వం ఈడీఏ టూల్స్‌ను ఉమ్మడిగా అందిస్తోంది.

ఉమ్మడి వాడకంతో ఖర్చు తగ్గుతుంది, పరాధీనత మాత్రం తగ్గదు. 2025 మే నెలాఖరులో అమెరికా చైనాకు ఈడీఏ సాఫ్ట్‌వేర్ అమ్మకాలపై ఆంక్షలు పెట్టి, జులై మొదట్లో ఎత్తేసింది. ఆ కొద్ది వారాల్లో ఈ మూడు సంస్థల టూల్స్‌పై ఆధారపడిన చైనా కంపెనీలు అనిశ్చితిలో పడ్డాయి. ఎన్ని సర్వర్లు అద్దెకు దొరికినా, వాటిపై నడిచే టూల్ తాళంచెవి మరొకరి చేతిలోనే ఉంటుంది. సొంత చిప్‌ల గురించి ఆలోచించే ఏ దేశమైనా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం ఇది.