పాత సైకిలును దూరప్రయాణానికి సిద్ధం చేసుకొనే విధానం

బెంగళూరు–హోసూరు రహదారిపై ఉన్న హెబ్బగోడి, దానిని ఆనుకొని ఉన్న బొమ్మసంద్ర పారిశ్రామికవాడ సరిహద్దు గ్రామాల వారికి చిరపరిచితమైనవే. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గం హెబ్బగోడి మీదుగా బొమ్మసంద్ర వరకు వచ్చింది. అయితే ఆ మార్గం చివరి నుంచి అత్తిబెలె, హోసూరు దాటి పల్లెలకు చేరే దారిలో సైకిలు అవసరం నేటికీ తీరలేదు. అనేక ఇళ్లలో తండ్రుల కాలం నాటి ఇనుప సైకిలు వసారాలో మూలన పడి ఉంటుంది. దానిని తగిన క్రమంలో బాగుచేయించుకొంటే రెండు మూడు రోజుల యాత్రకు సైతం నిక్షేపంగా పనికి వస్తుంది.

1923లో బొంబాయి నుంచి బయలుదేరిన పార్సీ యువకులలో ముగ్గురు సైకిళ్లపై ప్రపంచాన్ని చుట్టి 1928లో తిరిగి వచ్చారు. నాటి సైకిళ్లకు నేటి గేర్లు లేవు. దూరప్రయాణానికి ముఖ్యం వేగం కాదు. బండి ఆగాలి, బరువు మోయాలి, చెడితే దారిలోనే బాగుపడాలి. మరమ్మతు కూడా ఈ వరుసలోనే సాగాలి.

పాత సైకిలుకు ఉన్న అనుకూలత

మద్రాసులో 1949లో ప్రారంభమైన టీఐ సైకిల్స్, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో సంస్థలు తయారుచేసిన నల్లటి సైకిళ్లు చాలావరకు ఒకే నమూనావి. ఒక కంపెనీ సైకిలుకు మరొక కంపెనీ భాగం అమరుతుంది. సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్‌లో ఆగిపోయినా, ఆ సైకిళ్లకు విడిభాగాల కొరత రాకపోవడానికి కారణం ఇదే.

ముందుగా ఫ్రేము పరీక్ష

డబ్బు ఖర్చు చేయడానికి ముందు ఫ్రేమును కడిగి, పగటి వెలుతురులో చూడాలి. గొట్టాలు కలిసే అతుకుల వద్ద, ముందు ఫోర్కు మెడ వద్ద, వెనుక ఇరుసు బిగించే చోట రంగుపై సన్నని గీత కనిపిస్తే అది పగులు కావచ్చు. పైపైన పట్టిన తుప్పు వల్ల ప్రమాదం లేదు. ఫోర్కు పగిలినా, వంగినా వెల్డింగు చేయించక కొత్తది వేయించాలి. నడిచే బండికి ఫోర్కు విరిగితే మనిషి ముఖంమీదే పడతాడు.

బ్రేకులు

హెబ్బగోడి, హోసూరు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణగిరి ఎత్తు దాదాపు 500 మీటర్లు మాత్రమే. ఆ దిక్కుగా వెళ్లేవారికి మొత్తం మీద దిగుడు ఎక్కువ. కనుక మొదటి శ్రద్ధ బ్రేకులపైనే ఉండాలి.

పాత సైకిలుకు ఇనుప కడ్డీల బ్రేకు ఉంటుంది. దాని రబ్బరు కట్టలు రిమ్ము లోపలి ముఖానికి తగిలి చక్రాన్ని ఆపుతాయి. ఈ రిమ్ముల పక్కలు గుండ్రంగా ఉండడం వల్ల వైరు బ్రేకు కట్టలు వాటిపై సరిగా పట్టవు. ఉన్న బ్రేకునే సరిచేయించుకోవడం మేలు. నాలుగు కట్టలను కొత్తవి వేయించి, అవి రిమ్ముకు పూర్తిగా ఆనేలా అమర్చి, కడ్డీల బిగింపు మరలన్నీ బిగించాలి.

ఇనుప రిమ్ము తడిస్తే కట్టలకు పట్టు బాగా తగ్గుతుంది. వానలో ఆగవలసిన చోటికి చాలా ముందు నుంచే బ్రేకును తేలికగా ఆనించి ఉంచితే రిమ్ముపై నీరు తుడుచుకుపోతుంది. బరువుతో ఉన్నప్పుడు తడి దిగుడులో సైకిలు దిగి నడిపించుకొని పోవడమే వివేకం.

చక్రాలు, టైర్లు

ఈ నమూనాలో సాధారణంగా ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 స్పోకులు ఉంటాయి. బరువులో అధికభాగం వెనుక చక్రంపైనే పడుతుంది. స్పోకులను వేలితో మీటి చూసి, వదులైన వాటిని బిగించి, విరిగినవి మార్చి, చక్రం వంకర తీయించాలి. టైరు కొనేటప్పుడు 28×1½ అన్న కొలతను, కొన్నిటిపై ఉండే 40-635 అన్న అంకెను సరిచూడాలి. కొత్తరకం సైకిళ్ల టైర్లలో 28 అంగుళాలవిగా చెప్పే 622 కొలతవి ఉన్నాయి. అవి ఈ రిమ్ముకు పట్టవు.

బేరింగులు, కాటర్ పిన్నులు

హబ్బులను, పెడల్ ఇరుసును విప్పి కిరసనాయిలుతో కడిగి, గుండ్లన్నిటినీ ఒకేసారి మార్చి కొత్త గ్రీజు పెట్టాలి. సాధారణంగా వెనుక హబ్బుకు, పెడల్ ఇరుసుకు పావు అంగుళం గుండ్లు, ముందు హబ్బుకు 3/16 అంగుళం గుండ్లు సరిపోతాయి. కప్పులో గుంటలు పడితే కప్పును కూడా మార్చాలి. కాటర్ పిన్నులు రెండూ కొత్తవి వేయించి, మొదటి 20, 30 కిలోమీటర్ల తరువాత వాటి నట్లను మరల బిగించాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. అది తెలియక బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది.

ఎత్తు ఎక్కడానికి

సాధారణంగా ముందు పళ్లచక్రానికి 44, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. 22 పళ్ల ఫ్రీవీల్ వేయిస్తే అది దాదాపు నాలుగున్నర మీటర్లకు తగ్గుతుంది. వేగం కొంత తగ్గినా, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్లకు శ్రమ తగ్గుతుంది. ఈ మార్పుకు చైనును ఒక అంగుళం పొడిగించాలి. లేదా వీలుంటే చక్రాన్ని అర అంగుళం ముందుకు జరపాలి. పాత చైనులో 24 లింకుల పొడవు 12 అంగుళాలు ఉండాలి. అది అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే చైను అరిగినట్లే.

బరువు, సీటు

సామానును క్యారియరుపై ఎత్తుగా పేర్చరాదు. రెండు గట్టి కాన్వాసు సంచులను ఇరువైపులా సమబరువుతో కట్టి, బరువైన వస్తువులను అడుగున ఉంచాలి. సంచి గానీ, తాడు కొస గానీ స్పోకులలో చిక్కకుండా, మడమకు తగలకుండా చూడాలి. సీటుపై కూర్చొని మడమను కింది పెడల్‌పై ఉంచినప్పుడు కాలు నిటారుగా ఉంటే సీటు ఎత్తు సరిపోయినట్లు.

వెంట ఉండవలసినవి

ట్యూబు ఒకటి, పంక్చరు సామాగ్రి, గాలి పంపు, వాల్వుకు తొడిగే సన్నని రబ్బరు గొట్టం ముక్క, స్పానర్లు, చిన్న సుత్తి, కాటర్ పిన్ను, నాలుగు స్పోకులు, ముందు వెనుక దీపాలు.

పరీక్షా ప్రయాణం

బాగుచేయించిన మరునాడే యాత్రకు బయలుదేరరాదు. ప్రయాణంలో తీసుకుపోయే బరువునంతా కట్టి, తెల్లవారగానే హెబ్బగోడి నుంచి హోసూరు వరకు సర్వీసు రోడ్డున వెళ్లి రావాలి. లారీలు మలుపు తిరిగే కూడళ్లలో దిగి దాటాలి. తిరిగివచ్చాక స్పోకులు, కాటర్ పిన్నులు, బ్రేకు మరలు, క్యారియరు నట్లు మరొకసారి బిగించాలి. ఆ పరీక్షలో బ్రేకు తృప్తికరంగా పనిచేయకపోతే, మిగిలిన భాగాలు ఎంత బాగున్నా ప్రయాణం వాయిదా వేసుకోవాలి.