మొండెం ఎవరిది? (మన రాళ్ళు, మన రాతలు – 9)



పోయిన భాగం ధనబోడు స్తూపం దగ్గర ఆపాను. ఈ వారం ఇక్ష్వాకుల శాసనాల గురించి రాస్తానన్నాను. రాస్తాను, కానీ ఒక ఫ్లెక్సీ మీదుగా వెళ్ళాల్సి వస్తోంది.

నందిగామలో ఫ్లెక్సీ షాపులో పనిచేసే ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి బొమ్మ పంపాడు. "అన్నా, ఏప్రిల్ 14కి పేటలో కడతాం. ఎట్టా ఉందో చెప్పు. సూపర్ అని మాత్రం అనొద్దు." ఆ చివరి మాట నన్ను నిద్రపోనీయలేదు. మన దగ్గర బొమ్మలకు రెండే రకాల స్పందనలు. ఒకటి, మూడు దండాలు, నాలుగు నీలి గుండెలు. రెండోది, "ఎవడ్రా చేసింది" అని షాపు మీదికి పోవడం. గీసినవాణ్ణి కూర్చోబెట్టి, ఇది బాగుంది, ఇది నప్పలేదు, ఎందుకు నప్పలేదంటే ఇదీ సంగతి అని చెప్పే అలవాటు మనకు ఇంకా రాలేదు.

ముందు బొమ్మ సంగతి. జగ్గయ్యపేట స్తూపం పలకల్లో ప్రపంచమంతా తెలిసినది చక్రవర్తి పలక. మాంధాత పలక అని కూడా అంటారు. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వించాడు. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద పెద్ద పుస్తకం వేశాడు. పలక మద్రాసు పోయింది, ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. పేటలో పుట్టి పెరిగి దాన్ని ఫోనులో తప్ప చూడనివాళ్ళే ఎక్కువ. క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దం నాటి పని అని పండితులు చెబుతారు. సన్నగా పొడుగ్గా ఒక రాజు, నెత్తిన గొడుగు, చుట్టూ ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ఖజానాదారు, మంత్రి. రాజు కుడిచెయ్యి మబ్బులకేసి ఎత్తాడు. మబ్బుల్లోంచి నలుపలకల నాణేలు రాలుతున్నాయి. అప్పటి నాణేలు అట్లాగే ఉండేవి మరి.

మా తమ్ముడు ఆ రాజు తల తీసి బాబాసాహెబ్ తల పెట్టాడు. ఒంటికి నీలి కోటు రంగు వేశాడు. చక్రానికి ఇరవై నాలుగు ఆకులు పెట్టాడు. నాణేలు తీసేసి ఐదు వందల నోట్లు రాల్చాడు. తల వెనక బంగారు కాంతి వలయం. కింద గుండ్రాల్లో నాయకులు, ఒక్కొక్కరి కింద పేరూ పదవీ.

నచ్చింది ముందు చెప్పాను, మొహమాటానికి కాదు. మామూలుగా ఫ్లెక్సీ షాపు కంప్యూటర్లో ఒకే ఫైలు ఉంటుంది. శ్రీరామనవమికి అదే, జయంతికి అదే, ఎమ్మెల్యే పుట్టినరోజుకి అదే. మధ్యలో మనిషి మారతాడు, వెనక కాషాయపు వెలుగు మారదు. ఈ పిల్లాడు దాన్ని పక్కనపెట్టి సొంత ఊరి రాయి దగ్గరికి వెళ్ళాడు. ఎందుకెళ్ళావని అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు: "చెయ్యి చూడన్నా. రాజుదీ కుడిచెయ్యే లేచింది, మన సెంటర్లో విగ్రహానిదీ కుడిచెయ్యే."

ఇన్నేళ్ళుగా ఆ పలక గురించి మాట్లాడుతున్నా, నాకు తట్టలేదు.

తర్వాత పని సంగతులు. రాతి మీద వెలుగు ఎడమ పైనుంచి పడుతోంది, బాబాసాహెబ్ ముఖం మీద కుడినుంచి. ఒకే ఎండలో ఇద్దరూ నిలబడినట్టు లేదు, ఎవరో తెచ్చి అంటించినట్టు ఉంది. దాన్ని సరిచేయడానికి వాడు అప్పటికే ఇంకో కాపీలో ఫొటోను అడ్డంగా తిప్పేశాడు. అది మాత్రం వద్దన్నాను. తిప్పితే కోటు జేబు కుడివైపుకు పోతుంది, పెన్ను దాంతోపాటే పోతుంది, గుండీలు ఆడవాళ్ళ కోటులా పడతాయి, పాపిడి మారుతుంది. వాడలో ముసలమ్మకు కూడా "ఏందో తేడాగా ఉంది" అనిపిస్తుంది, ఏందో చెప్పలేదు. ముఖాన్ని తిప్పేకంటే రాతి మీద నీడల్ని మార్చడం తేలిక. లేదా ఆ వైపు నుంచి వెలుగు పడ్డ ఇంకో ఫొటో వెతకాలి. బాబాసాహెబ్ ఫొటోలకు కొరత లేదు.

ఫైలు సైజు కూడా అడిగాను. ముఖం వాట్సాప్‌లో వచ్చిందట. 1,600 పిక్సెళ్ళ బొమ్మను పది అడుగుల వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి పదమూడు చుక్కలే మిగులుతాయి. రోడ్డు అవతలి నుంచి పర్లేదు, దండ వెయ్యడానికి దగ్గరికి వచ్చినవాడికి ముఖం కనపడదు, గళ్ళు కనపడతాయి.

నీలం గురించి కాస్త ఎక్కువే మాట్లాడుకున్నాం. ఫోనులో మెరిసే నీలం మిషన్‌లో ఊదాగా దిగుతుంది. ప్రతి ఏడూ మన సెంటర్లలో వంగపండు రంగు కోట్లు చూసేది అందుకే. మిషన్ నీలాన్ని సయాన్, మెజెంటా రెండు సిరాలు కలిపి తయారు చేస్తుంది. మెజెంటా సయాన్‌కు దగ్గరగా వస్తే ఊదా అయిపోతుంది. అది తగ్గించాలి, ఒక అడుగు ముక్క ముందు ప్రింటు తీసి ఎండలో పెట్టి చూడాలి. ఇది రంగుల పిచ్చి కాదు. ఆయన ఫొటోలు మనకు ఎక్కువగా దొరికేవి నలుపు తెలుపులోనే. వాటిలో ఆ కోటు నీలమో కాదో ఎవరూ చెప్పలేరు. ఆ నీలం విగ్రహాలు చేసినవాళ్ళు, గోడల మీద కుంచె పట్టినవాళ్ళు ఊరూరా వేసుకుంటూ వచ్చింది. 1942లో పుట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. పేరు తెలియని పెయింటర్లు మనకిచ్చిన రంగు అది. సిరా లెక్క తప్పి పోగొట్టుకుంటే ఎట్టా?

అసలు విషయానికి అప్పుడొచ్చాను. "తమ్ముడూ, తల బాబాసాహెబ్‌ది. మొండెం ఎవరిది?"

తల ఒకరిది, మొండెం ఒకరిది చేసే పని ఫొటోషాప్‌తో పుట్టలేదు. ఫొటోషాప్ వచ్చింది 1990లో. ఇంగ్లండులో రైలాండర్ అనే ఆయన 1857లోనే ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే బొమ్మ చేశాడు. అమెరికాలో అబ్రహాం లింకన్ నిలువెత్తు చిత్రం ఒకటి చాలా కాలం ఇళ్ళలో వేలాడింది. చూస్తే రాజసం. లింకన్‌కు అంత రాజసమైన ఫొటో లేదని ఎవరో అతికించారు. ఆ ఒళ్ళు జాన్ కాల్హౌన్‌ది, 1852లో అచ్చయిన బొమ్మలోంచి తీసుకున్నది. కాల్హౌన్ ఎవరు? బానిసత్వం మంచిదేనని సెనేట్‌లో నిలబడి వాదించినవాడు. బల్ల మీద కాగితాలపై అతని సిద్ధాంతాల పేర్లుంటే, అవి చెరిపి లింకన్‌కు పనికొచ్చే మాటలు రాశారు. ఒళ్ళు మాత్రం అట్లాగే ఉంచారు. స్టెఫాన్ లోరాంట్ అనే ఫొటో ఎడిటర్ పట్టుకున్నాడు. ఎట్టా పట్టాడంటే, పుట్టుమచ్చ తప్పు బుగ్గ మీద ఉంది. ముఖాన్ని అడ్డంగా తిప్పారు. అందుకే తిప్పొద్దంటున్నా.

బానిసల్ని విడిపించినవాడి తల, బానిసల యజమానుల వకీలు ఒంటి మీద. చేసినవాడికి కుట్ర లేదు, గంభీరమైన ఒళ్ళు కావాలి, అంతే. మా తమ్ముడికీ కావాల్సింది అంతే. కానీ గంభీరమైన ఒళ్ళు కావాలన్నప్పుడల్లా మన చెయ్యి రాజుల దగ్గరికో దేవుళ్ళ దగ్గరికో ఎందుకు పోతుంది?

ఆ రాజు కథ చూడండి. జాతక కథల్లో మాంధాతది ఉంది. చేతులు చరిస్తే ఆకాశం నుంచి రత్నాలు మోకాలి లోతు కురిసేవి. అయినా తనివి తీరలేదు. స్వర్గానికి పోయాడు, ఇంద్రుడి సింహాసనంలో సగం ఇచ్చారు, సగం చాల్లేదు, ఇంద్రుణ్ణి చంపి మొత్తం తీసుకుందామనుకున్నాడు. ఆ ఆశే అతన్ని ముసలివాణ్ణి చేసి నేల మీద పడేసింది. బౌద్ధులు ఆ కథ చెప్పుకున్నది తృష్ణ ఎంత చెడ్డదో తెలియడానికి. ఆ ఒంటి మీద మన బాబాసాహెబ్ తల పెట్టాం. పైగా నోట్ల వాన. 1932లో జర్మనీలో జాన్ హార్ట్‌ఫీల్డ్ హిట్లర్ ఫొటోకు ఛాతీ ఎక్స్‌రే కలిపి, వెన్నుపూస స్థానంలో నాణేల దొంతర పెట్టాడు. ఇతన్ని నిలబెట్టింది పెట్టుబడిదారుల డబ్బు అని చెప్పడానికి. మనిషి చుట్టూ డబ్బు పెడితే చూసేవాడి బుర్రలో ఏం మెదులుతుందో అతనికి తెలుసు. రేపు మనల్ని గిట్టనివాళ్ళు ఆ నోట్లను చూపించి రిజర్వేషన్ల మీద, స్కాలర్‌షిప్పుల మీద జోకులెయ్యరా? బాబాసాహెబ్ మీద అట్లాంటి బొమ్మలు కొత్త కాదు. విజయవాడ బిడ్డ ఉన్నమటి శ్యామసుందర్ 1932 నుంచి 1956 దాకా పత్రికల్లో వచ్చిన కార్టూన్లు వందకు పైగా పోగుచేసి 2019లో పుస్తకం తెచ్చాడు. పెద్ద పెద్ద కార్టూనిస్టులే ఆయన్ని మరుగుజ్జుగా, ఆడవేషంలో, అడుక్కునేవాడిగా గీశారు. బొమ్మను ఎట్టా చదవాలో నేర్చుకోవాలంటే అది చూడండి.

కాంతి వలయం తీసెయ్యమన్నాను. వ్యక్తిపూజ గురించి ఆయన 1943లో రనడే సభలో చెప్పాడు, 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మళ్ళీ చెప్పాడు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అన్న మనిషి తల వెనక భక్తి దీపం పెట్టడం ఆయన మాట వినకపోవడమే.

ఇక్కడ నేనూ ఒక సలహా ఇచ్చి బోల్తాపడ్డాను. తొలినాటి అమరావతి, జగ్గయ్యపేట శిల్పులు బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. పాదాలు, చక్రం, ఖాళీ ఆసనం చెక్కి ఆయన ఉన్నాడనిపించారు. నువ్వు కూడా ఖాళీ కుర్చీ, దాని మీద నీలి కోటు, పెన్ను, పుస్తకం పెట్టు, ముఖం వద్దు అన్నాను. బ్రహ్మాండమైన ఆలోచన అని నాకు నేనే మురిసిపోయాను.

కాసేపు జవాబు లేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజ్. "అన్నా, విగ్రహాల ముఖాలు పగలగొట్టేది వాళ్ళు. మనమే తీసేస్తే ఎట్టా?"

నాకు మాట రాలేదు. మా నాయనమ్మ ఫొటో గుర్తొచ్చింది. ఆమె బతికుండగా ఒక్కతే దిగిన ఫొటో లేదు. పెళ్ళి గుంపులో వెనక వరసలో సగం ముఖం కనబడేది. చనిపోయాక స్టూడియో ఆయన ఆ సగాన్ని పెద్దది చేసి, మిగతా సగం చేత్తో గీసి, ఎన్నడూ కట్టని పట్టుచీర కట్టి, మెడలో గొలుసు పెట్టి ఇచ్చాడు. చీర అబద్ధం, గొలుసు అబద్ధం. ఆ ముఖం కోసం మా నాన్న కూలి డబ్బులు పెట్టాడు. ముఖం ఉండటమే పెద్ద విషయమైన ఇళ్ళ నుంచి వచ్చి, ముఖం వద్దని ఎట్టా చెప్పాను? ఆ సలహా వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు చెప్పాను శాసనం గురించి, ఈ వారం రాస్తానన్నది అదే. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే మూడో శతాబ్దంలో, ఈ స్తూపం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టారు. నిలబెట్టింది రాజు కాదు. సిద్ధార్థుడనే ఆవేశని. ఆవేశని అంటే పనివాళ్ళ పెద్ద, మేస్త్రి అనుకోండి. తండ్రి నాకచందుడూ ఆవేశనే. ఊరు కమ్మకరాష్ట్రంలోని నడతూరు. (ఇది ప్రాంతం పేరు. దీనికి ఇవాళ్టి కులాన్ని అతికించుకునేవాళ్ళున్నారు, అదీ ఒక రకం ఫొటోషాపే.) తల్లి నాగిలనిని ముందు పెట్టుకుని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, తమ్ముడు బుధినక, అందరి పేర్లూ చెక్కించాడు. సకల జీవుల హితం కోసం, సుఖం కోసం అని రాయించాడు. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఇంటి ఆడపిల్ల పేరు మనకు తెలుసు. నీ ఫ్లెక్సీలో గుండ్రాల్లో ముప్పై పేర్లున్నాయి, నీ పేరేది అని అడిగాను. "షాపు నంబరు ఉంటదిగా అన్నా" అన్నాడు.

ఆ శాసనం అక్షరాల ఫొటో కూడా పంపాను. ఆ బ్రాహ్మీ అక్షరాల గీతలు కిందికి, పైకి పొడుగ్గా సాగి ఒయ్యారంగా ఉంటాయి. అప్పటి కృష్ణాతీరం లేఖకుల సోకు అది.

నిన్న మధ్యాహ్నం రెండో బొమ్మ వచ్చింది. పలక వెనక్కి పోయింది, బూడిద రంగులో, చెయ్యెత్తిన రాజుతో సహా. ముందు బాబాసాహెబ్ తన ఒంటితో, తన కోటుతో, తన కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. చెయ్యి లేచే ఉంది, చూపుడువేలు ముందుకు. నోట్లు లేవు. మబ్బుల్లోంచి సిద్ధార్థుడి శాసనం అక్షరాలు రాలుతున్నాయి. ఆ పొడుగు గీతలు నిజంగానే వాన చారల్లా ఉన్నాయి. నేను చెప్పింది కాదు, వాడికే తట్టింది. నాయకుల గుండ్రాలు అట్లాగే ఉన్నాయి, డబ్బులిచ్చేది వాళ్ళు కాబట్టి. అడుగున కుడి మూల చిన్న అక్షరాల్లో తన పేరు పెట్టుకున్నాడు, దాని ముందు వాళ్ళమ్మ పేరు.

కాళ్ళ దగ్గర నీడ ఇంకా తప్పు వైపే పడుతోంది. ఈ రాత్రికి ఫోన్ చేసి చెప్పాలి.